ఊరి లెక్కన జీతం

ఆ ఎండాకాలం ఒకరోజు మా సార్ నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆ ఆఫీసులో చేరి పదేళ్లు దాటినా ఆ గదిలో నేను కుర్చీలో కూర్చున్నది తక్కువ. సంతకాలకు వెళ్తాను, నిలబడే తిరిగి వస్తాను.

“వచ్చే వారం బెంగళూరు నుంచి ఒక మేడం వస్తాండాది. ఈడ ఎవరు ఏం పని చేస్తాండారు, దానికి ఎంత జీతం ఇస్తే సరిపోతాది, అంతా చూసి చెప్తాది. నీ పని గురించి నువ్వే వివరంగా చెప్పాల. ఏమీ వదిలిపెట్టొద్దు,” అన్నారు.

మాది డ్రిప్ పైపులూ సోలార్ మోటర్లూ అమ్మే కంపెనీ. అనంతపురంలో ఆఫీసు. కొత్తచెరువులో ఇంకొకటి తెరవాలని సార్ ఆలోచన. అందుకు డబ్బు పెడుతున్న భాగస్వామి, ముందు జీతాలను ఒక పద్ధతిలోకి తెమ్మన్నాడట. ఆ మేడం రావడానికి కారణం అదే.

నా ఉద్యోగం పేరు ఆఫీస్ అడ్మిన్. నేను చేరినప్పుడు ఆ పేరు లేదు, ‘ఆఫీసు చూసుకునే అమ్మాయి’ అనేవాళ్లు. పేరు మారిన ఏడాది జీతం మారలేదు కానీ, నా టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ బోర్డు పెట్టారు. ఇప్పుడు నాకొచ్చేది నెలకు పద్నాలుగు వేలు. మా ఆఫీసులో కారు డ్రైవరుకు అంతకంటే ఎక్కువ. పైపులు అమ్మే కుర్రాళ్లకు జీతం తక్కువే అయినా కమీషన్ కలుపుకుంటే వాళ్లూ నన్ను దాటిపోతారు. నేను దేన్నీ అమ్మను కాబట్టి నాకు కమీషన్ లేదు.

సార్ గది నుంచి బయటికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాక చాలాసేపు పని సాగలేదు. ఎవరో ఒకరు నా పనిని మొదటి నుంచి చివరి దాకా వింటారు, విని దానికి ఎంత ఇవ్వాలో చెబుతారు. అలాంటిది జరుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నేనూ మా నాయనా గార్లదిన్నెలో ఒక అద్దె ఇంట్లో ఉంటాం. నా పెళ్లి వయసు ఎప్పుడో దాటిపోయింది. మా పొలం కంబదూరు దగ్గర. అంతా వాన మీద ఆధారపడిన శెనక్కాయ భూమి. చివరికి అప్పు చేసి వేయించిన బోరు కూడా ఎండిపోయాక నాయన దాన్ని బీడు వదిలేసి నా దగ్గరికి వచ్చేశాడు. ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోగానే ఆయనకు సంగతి చెప్పాను.

“జీతం పెంచుతారంటావా?” అన్నాడు.

“చూసి చెప్తారంట నాయనా. నాకు ఇచ్చేది న్యాయమేనా కాదా అని.”

ఆయనకు ఆ మాట సరిగా అర్థం కాలేదు. “నెల తిరిగితే నీ చేతికి దుడ్లు వస్తాండాయి. వాన పడినా వస్తాయి, పడకపోయినా వస్తాయి. అందులో అన్యాయం యాడుండాదిమ్మా?” అన్నాడు.

ఎగతాళిగా అన్న మాట కాదది. ఆయన జీవితమంతా విత్తనం వేసి మబ్బు వైపు చూసిన మనిషి. వస్తుందా రాదా అన్నదే ఆయనకు తెలిసిన ప్రశ్న. ఎక్కువా తక్కువా అన్న ప్రశ్న దాకా ఆయనను బతుకు ఎప్పుడూ రానివ్వలేదు. నిజం చెప్పాలంటే చాలా ఏళ్లు నేనూ అలాగే ఉన్నాను. మొదటి తేదీన ఫోనులో బ్యాంకు మెసేజ్ వస్తే చాలు, అది ఎంత అన్నది తర్వాతి సంగతి. మా ప్రాంతంలో చాలా ఆఫీసులు నడుస్తున్నది ఈ భయం మీదేనని నాకు తర్వాత తట్టింది.

మేడం వచ్చింది. ఇంచుమించు నా వయసే. పుట్టింది హిందూపురం వైపట, తెలుగు బాగా మాట్లాడింది. లాప్‌టాప్ తెరిచి నా ఎదురుగా కూర్చుని, “పొద్దున ఆఫీసుకు రాగానే ఏం చేస్తారు? అక్కడ మొదలుపెట్టండి,” అంది.

చెప్పాను. షట్టర్ తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి అందరికంటే ముందు వస్తాను. నీళ్లు రాని రోజు ట్యాంకర్ వాడికి ఫోన్ చేసి బతిమాలుతాను. రైతుల సబ్సిడీ ఫైళ్లు నేనే చూస్తాను. పాసుపుస్తకం జిరాక్సులో సర్వే నంబరు కనపడకపోతే ఫైలు వెనక్కి వస్తుంది, అందుకని ముందే పట్టుకుంటాను. ఉత్తరాలు, హాజరు, కరెంటు బిల్లు, కొరియరు. సార్ వాళ్ల అమ్మగారికి డాక్టరు దగ్గర టోకెన్ తీసుకోవడం, వాళ్లింటి గ్యాసు బుక్ చేయడం. మా ఆఫీసువాళ్లలో ఇద్దరికి మాటల్లేకపోతే వాళ్లిద్దరి మధ్యా మాటలు మోయడం.

ఆమె టైప్ చేస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి ఆపి, “కష్టమైన పని ఏదైనా చెప్పండి,” అంది.

నాకు వెంటనే ఒక రైతు గుర్తొచ్చాడు. సబ్సిడీ ఆగిపోయి, డ్రిప్ కోసం అప్పు తెచ్చి కట్టిన తన వాటా డబ్బు ఇరుక్కుపోయి మా ఆఫీసు చుట్టూ తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం వచ్చి ఏమీ మాట్లాడకుండా బెంచీ మీద కూర్చున్నాడు. టవల్లో ఏదో చుట్టి పట్టుకున్నాడు. ఆ కూర్చోవడం నాకు మామూలుగా అనిపించలేదు. పక్కన కూర్చుని, “అన్నా, అదేందో నాకియ్యి,” అన్నాను. ఆయన ఇవ్వలేదు. నేనూ లేవలేదు. వాళ్ల ఊరి గురించీ, పిల్లల గురించీ అడుగుతూ పోయాను. చాలాసేపటికి టవల్ నా ఒళ్లో పెట్టేశాడు. లోపల పురుగుమందు డబ్బా. నా మజ్జిగ ఆయనతో తాగించి, ఫోన్ చేసి వాళ్ల తమ్ముణ్ణి పిలిపించి ఇంటికి పంపాను. ఆ తర్వాత రోజూ ఆ ఫైలు కోసం వెంటపడ్డాను. డబ్బు పడింది. ఆయన ఇప్పటికీ బతికే ఉన్నాడు.

మేడం చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. తర్వాత ఏదో టైప్ చేసింది. తల కొద్దిగా వంచితే నాకు ఆ వరుస కనిపించింది. ‘కస్టమర్ సంబంధాలు’ అని ఉంది. ఆమెను తప్పుపట్టలేను. ఆ పట్టికలో దానికి వేరే గడి లేదు.

చివరికి, “ఈ ఊళ్లో ఇలాంటి పని చేసేవాళ్లకు ఎంత ఇస్తున్నారో కనుక్కోవాలి. మీకు తెలిసినవాళ్లు ఉంటే మీరూ అడగండి,” అంది.

అడిగాను. ఒకరు నవ్వి మాట మార్చారు. ఇంకొకరు చెప్పిన అంకె అబద్ధమని వాళ్ల గొంతులోనే తెలిసింది. నిజం చెప్పింది ఒక్కతే. నాతో పాటు రోజూ బస్సులో వచ్చే ఆమె, ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆఫీసులో పని చేస్తుంది. పక్క సీట్లోవాళ్లకు వినపడకుండా నా చెవి దగ్గర చెప్పింది. నాకంటే మూడు వేలు తక్కువ.

“ఆదివారాలు కూడా పోతావు కదా?” అన్నాను.

“పోవాల్సిందే. రాకపోతే వేరే ఆమె రడీగా ఉండాదంటారు.” కిటికీలోంచి చూస్తూ, “నీకెంత?” అంది.

చెప్పాను. “నీకేమప్పా, బాగుండావు,” అంది. అందులో అసూయ కూడా లేదు. అలిసిపోయిన గొంతు. నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. బస్సు టవర్ క్లాక్ దగ్గరికి వచ్చేసరికి ఆ హాయి పోయింది. ఆమె జీతం నా జీతాన్ని మంచిదిగా చూపిస్తోంది, నా జీతాన్ని రేపు ఇంకెవరికో అలాగే చూపిస్తారు.

అనుకున్నంతా అయింది. నివేదిక వచ్చిన రోజు సార్ మళ్లీ కూర్చోమన్నారు. మేడం కూడా ఉంది.

“ఏమ్మా, మంచి మాటే. మార్కెట్ కంటే మనం నీకు ఎక్కువే ఇస్తాండాం,” అన్నారు సార్. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. నాకు అన్యాయం చేయడం లేదని తేలినందుకు ఆయన మనసు కుదుటపడింది.

“అయితే పెంచరా సార్?”

“ఎక్కువుంటే యాడ పెంచేదమ్మా? వచ్చే రెండేండ్లు ఇట్లే ఉంటాది. నీ పని గొప్పది కాదని నేను అనడంల్యా. నువ్వు లేకపోతే ఈ ఆఫీసు నడవదు, నాకు తెలుసు.”

“మరి ఆ లెక్క ఎక్కడుంది సార్?”

ఆయన మేడం వైపు చూశారు. ఆమె మెల్లిగా, “ఒక పనికి ఎంత ఇవ్వాలనేది ఆ ఊళ్లో ఆ పనికి మనిషి ఎంతకు దొరుకుతారు అన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ఈ ఊరి లెక్కన మీ జీతం న్యాయమైనదే,” అంది.

“ఊరే తక్కువైతే మేడం?”

నేను గట్టిగా అడగలేదు. కోపం కూడా లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. ఇక్కడ పొలాలు ఎండితే కూలికి వచ్చేవాళ్లు పెరుగుతారు, కూలి పడిపోతుంది. పొలం వదిలినవాళ్ల పిల్లలు చదువుకుని ఆఫీసులకు వస్తారు, అక్కడా అదే అవుతుంది. అందరూ తక్కువకు ఒప్పుకున్నచోట, అందరితో పోల్చి తీసిన అంకె న్యాయం ఎలా అవుతుంది?

ఆమె లాప్‌టాప్ మూసింది. “అది నేను చూసే లెక్కలోకి రాదండీ,” అంది. “బెంగళూరులో అయితే మీకు దీనికి రెండింతలు వచ్చేది,” అని కూడా అంది. ఓదార్పుగానే అన్నది. ఆ రెండింతల్లో బెంగళూరు ఇంటి అద్దె ఎంత మింగుతుందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ నెలలోనే ఒక ప్రైవేటు స్కూలుకు బయోడేటా పట్టుకుని వెళ్లాను. అక్కడి కరస్పాండెంట్ దాన్ని చదివి, “అనుభవం బాగుంది. కానీ ఈ వయసులో కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకుంటారా?” అని అడిగారు. నేర్చుకుంటానన్నాను. ఆయన చెప్పిన జీతం నాకు వస్తున్న దానికంటే తక్కువ. లేచి వచ్చేస్తుంటే, “ఆలోచించుకోండి, చాలా అప్లికేషన్లు ఉన్నాయి,” అన్నారు. ఆలోచించడానికి ఏమీ లేదు. సోమవారం మామూలుగా వెళ్లి షట్టర్ తీశాను.

కొత్తచెరువు ఆఫీసుకు అడ్మిన్‌ను వెతికే పని నాకే వచ్చింది. సార్ ఇస్తానన్న జీతం పది వేలు, నివేదిక ప్రకారమే. ఇంత తక్కువకు ఎవరూ రారని అనుకున్నాను. రావొద్దనీ లోలోపల కోరుకున్నాను. ఎవరూ రాకపోతే ఆ అంకె తప్పని తేలుతుంది కదా.

ఇంటర్వ్యూల రోజు పొద్దున నేను కొత్తచెరువు చేరేసరికే వరండా నిండిపోయి ఉంది. ఎంబీఏలు, ఎంకామ్‌లు, ఇంజనీరింగ్ చదివినవాళ్లు. నీడ చాలక కొందరు ఎదురుగా టీ అంగడి రేకు కింద నిలబడ్డారు. ఒకాయన, “మేడం, ఎనిమిదిచ్చినా చేస్తాను,” అన్నాడు, నేనేమీ అడగకముందే.

వాళ్లలో ఒక అమ్మాయి కంబదూరు దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఎంకామ్. మాట్లాడుతుంటే మా ఊరి యాస వినపడింది. అడిగినవాటికి చక్కగా జవాబు చెప్పింది. ఇంకేమైనా అడగాలా అని నేను అంటే, “అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఈ పనికి ఈ జీతం సరిపోతాదా? మీరు ఇదే పని చేస్తాండారంట కదా, మీరే చెప్పండి,” అంది.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. మేడం చెప్పిన మాట చెప్పొచ్చు. ఊరి లెక్కన న్యాయమేనని.

“సరిపోదు,” అన్నాను. “పని దీనికి మూడింతలుంటాది. ఏండ్లు గడిచినా పెద్దగా పెరగదు. పెంచమంటే, ఇంకా తక్కువకు చేసేవాళ్లను చూపిస్తారు. నీకు వేరే దారి ఏదన్నా ఉంటే అది చూసుకోమ్మా.”

ఆమె శ్రద్ధగా వింది. తల ఊపింది.

“మా నాయన పని ఆపేసి రెండేండ్లాయె అక్కా. మోకాళ్లు పోయినాయి. గ్రూప్స్ రాస్తిని, రాలా. వేరే దారి ఉంటే ఈడికి యాల వస్తా?” అంది. తర్వాత కొంచెం నవ్వి, “నిజం చెప్పినారు, చాలు. నన్నే తీసుకోండి,” అంది.

తీసుకున్నాను. అందరిలోకీ ఆమే మంచి అభ్యర్థి. ఆమెను తీసుకోకుండా పంపేస్తే నేను ఆమెకు చేసిన మేలు ఏముంటుంది? బయటికి వచ్చి మిగిలినవాళ్లను వెళ్లిపొమ్మని చెప్పినప్పుడు ఎవరూ గొణగలేదు. ఫైళ్లు చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచారు. అంతమందిని చూశాక నా జీతం గురించి ఇక సార్‌ను అడగలేనని నాకు తెలిసిపోయింది. ఆయన చూపించగలిగిన వరుసను నేను నా కళ్లతోనే చూశాను.

నెల గడిచింది. ఒకటో తేదీ మధ్యాహ్నం అన్నం తింటుండగా కొత్తచెరువు నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఏదో ఫైలు సంగతేమో అనుకున్నాను.

“అక్కా, పడింది! జీతం పడింది!” అంది. గొంతు నిండా సంతోషం. “ఇప్పుడే నాయనకు చెప్పినా. నమ్మల్యా. మెసేజ్ చదివి వినిపిస్తే ఏడ్చినాడు.”

అన్నం క్యారియరు పక్కకు జరిపాను.

“మంచిదమ్మా,” అన్నాను. “ముందు ఆయన మోకాళ్లు చూపించు.”

ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఇంతలో కౌంటరు దగ్గర ఎవరో రైతు వచ్చి నిలబడ్డాడు. మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి, చెయ్యి కడుక్కుని లేచాను.