కొమురయ్య కాక రేకుల ఇల్లు

ఎండాకాలంలో గోదావరిఖని ప్రయాణమేమిటని ఇంట్లో అడిగారు. నేను బయల్దేరింది ఆ ఎండ కోసమే. గనిలో పనిచేసే మా బావ రాజయ్యకు నైట్ షిఫ్టు చేసి వచ్చాక, కాలిపోయే ఇంట్లో పగలు నిద్రపట్టేది కాదు. కిందటేడు డ్యూటీలోనే కునుకు పట్టి పడబోయాడు. భయపడిన మా అక్క పద్మ వీధిలోని ఆడవాళ్లను కూడగట్టి వేడి లోపలికి దిగకుండా ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం వేయించింది. వరంగల్‌లో మా వాడలోనూ అదే చేయించాలని, ముందు చూసి రావడానికి వెళ్లాను.

ఉదయం ఏడింటికి కాజీపేటలో ప్యాసింజరు ఎక్కాను. "ఇంటి కప్పులు చూసుడేంది బిడ్డా, గోదారి చూసి రా" అంది ఎదురుగా మామిడికాయల గంపతో కూర్చున్న అవ్వ. పదిన్నరకు రామగుండంలో దిగి షేర్ ఆటో పట్టుకున్నాను.

ఇంట్లో కూలర్ ఆగి ఉంది. బావ గురక పెడుతున్నాడు.

"పోయినేడు కూలర్ తిరిగినా నిద్ర లేకుండె. ఇప్పుడు మధ్యాహ్నందాంక దాన్ని ముట్టుకుంటలేము" అంది అక్క గొంతు తగ్గించి.

వీధిలో ఒక్క ఇల్లే మిగిలింది, రిటైరైన కొమురయ్య కాకది. దవాఖాన నుంచి వచ్చిన భార్య వేడికి అల్లాడుతున్నా, ఆయన సిమెంటు రేకుల మీదికి ఎవరినీ ఎక్కనివ్వలేదు. అక్క అప్పటికే మూడుసార్లు అడిగింది. సాయంత్రం ఐదింటికి నన్ను వెంటబెట్టుకుని నాలుగోసారి వెళ్లింది.

"రేకు పలిగితే ఎవలేస్తరు?" అన్నాడు కాక.

"మేమే ఏపిస్తం కాకా. రేకుల మీద పలకలేసి, వాటి మీదనే నడుస్తం. యాడ కాలు పెట్టాల్నో నువ్వు కిందనుంచి చెప్పు" అంది అక్క.

కాక లేచి వెళ్లి, తానే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు.

జిగురు కలిపిన సున్నం ఆ సాయంత్రం ఒక పూత, మర్నాడు పొద్దున ఆరింటికి ఇంకో పూత వేశాం. "ఎడమకు, ఇంకింత ఎడమకు" అని కాక కింద నుంచి చెబుతూనే ఉన్నాడు. ఒక్క రేకూ పగల్లేదు.

మధ్యాహ్నం రెండింటికి వెళ్లేసరికి కాక గుమ్మంలో కూర్చుని, లోపల నిద్రపోతున్న భార్యను చూపి, మెల్లగా రమ్మని సైగ చేశాడు.

"రెండు గంటలాయె పండి. గింతసేపు ఎన్నడు పండలే. నాకే భయమై ఊపిరి చూసొచ్చిన."

నాలుగున్నరకు తిరుగు రైలెక్కాను. సున్నం పాళ్లు అక్క ఒక్క మాటలో చెప్పేసింది. కాదన్న మనిషి గుమ్మం ముందు అక్కలా మళ్లీ మళ్లీ నిలబడటం మాత్రం దగ్గరుండి చూస్తేనే తెలిసింది. మా వాడలో, మేడ మీదికి ఎవరినీ రానివ్వని మాస్టారు ఒకరున్నారు. రేపు పొద్దున మొదట ఆయన ఇంటికే వెళ్లాలని పెద్దపల్లి దాటేలోపే నిర్ణయించుకున్నాను.