దీర్ఘం లేని దఖలు

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులు కూడా ఉంటాయి. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే చదివేను. మన్నించి చదవండి. మా అప్ప పోయింది. నా తోడబుట్టింది, నాకంటే ఏడేళ్ళు పెద్ద. పోయిన నెల తెల్లారగట్ల గేదెకి కుడితి పెడదామని లేచి, పెట్టకుండానే కూలబడిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. నేను ఒక మనిషి పేరు అంటాను. ఇక్కడ రాయను, కోర్టులో చెబుతాను.

అప్పకి పిల్లలు లేరు. బావ పోయి పదేళ్ళు దాటింది. కొండకర్ల దగ్గర ఎనభై సెంట్ల చెరకు మడి ఒక్కటే ఆమెకి మిగిలింది. అందులో దిగేముందు చెప్పులు గట్టు మీదే విప్పేసేది. "ముళ్ళు గుచ్చుకోవేటప్పా?" అంటే, "నా ఇంట్లోకి నాను సెప్పులేసుకుని ఎల్తానేటి?" అనేది. చెరకు పడిపోకుండా ఆకులతో జడ చుట్టి కడతాం కదా, ఆమె చుట్టిన జడ గాలివానకి కూడా వీడేది కాదు. గడ విరిస్తే తియ్యగా ఉండే మొదలు నాకిచ్చి, చప్పటి చివర తను నమిలేది.

ఆమెని బడికి పంపలేదు. నన్ను మాత్రం చంకనెత్తుకుని తీసుకెళ్ళి దింపేది. అందుకేనేమో, "మా తమ్ముడు సదివేడంటే ఇంక సూడక్కర్లేదు" అని అందరితో అనేది. ఆ నమ్మకమే ఆమెని ముంచింది.

రెండేళ్ళ కిందట బావ అన్నగారి కొడుకు ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చేడు.

"పిన్నీ, రీసర్వేలో నీ పేరు తప్పు పడింది. సరిసెయ్యకపోతే పొలం గవర్నమెంటుకి పోద్ది. ఒక్క కాయితం దాఖలు సెయ్యాలి, అంతే."

"నాకేటి తెలుత్తాది బాబూ, మా తమ్ముణ్ణి అడుగు."

"మావయ్యా, నువ్వూ రా. సాచ్చి సంతకం నీదే. సదువుకున్నోడివి."

ఆ మాటకి నేను పొంగిపోయేను. ముగ్గురం టౌన్లో రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళేం. కాగితం పైన పెద్ద అక్షరాల్తో 'దఖలు దస్తావేజు' అని ఉంది. దాఖలు అని కొట్టబోయి దీర్ఘం మర్చిపోయేరు, టైపు కొట్టినోడు నాలాంటోడే అనుకుని లోపల నవ్వుకున్నాను కూడా. కిందదంతా సన్న అక్షరాలు. కళ్ళజోడు తేలేదు. ఎవరినైనా అడగడానికి సిగ్గు. ఆఫీసరు "ఇష్టపడే చేస్తున్నారా అమ్మా?" అని అడిగేరు. అప్ప నా వైపు చూసింది. నేను తలూపేను. "ఇష్టవే బాబూ" అని వేలిముద్ర వేసింది. నేను సాక్షి సంతకం పెట్టేను.

దఖలు అంటే దాఖలు కాదు. తన ఆస్తి ఇంకొకరికి ఇచ్చెయ్యడం. ఈ సంగతి మాకు తెలిసింది చెరకు కోతకొచ్చిన రోజున. మేం వెళ్ళేసరికి కూలీలు మడిలో దిగి నరుకుతున్నారు. గట్టు మీద వాడు.

"ఏట్రా, నా సెరకు నరికిత్తన్నావు?"

"నీదేటి పిన్నీ? పేమతో నాకు రాసిచ్చేవు కదా. కాయితంలో ఉంది సూడు."

"పేమా! నీ మొకం సూత్తే మా గేదె పాలు కూడా సేపదు. నీ మీద నాకు పేమేట్రా?"

కూలీలు నవ్వేరు. వాడూ నవ్వేడు. "సాచ్చి మావయ్యే కదా, అడుగు" అన్నాడు.

అప్ప నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడే వెళ్ళి పోలీసు కేసు పెట్టింది, ఆ కాగితం చెల్లదని కోర్టులో దావా కూడా వేసింది. వాయిదా ఎప్పుడున్నా ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు బస్సు దగ్గర నిలబడేది. ఆమె బతికినంతకాలం వాడు కొడుకులా చూసుకుంటాడని కూడా ఆ కాగితంలో రాయించేడట. "ఒక్క పూట గంజి పోసినోడు కాదు" అంది. తరవాత నాతో చెప్పింది: "నాను పోతే కొరివి పెడతానని వత్తాడు, సూడు. ఫొటో తీయించుకుంటాడు. ముట్టనీకు."

ఆమె అన్నట్టే వచ్చేడు. తెల్ల పంచె, తడి జుట్టు, వెనక సెల్లు పట్టుకుని ఒక మనిషి. "మావయ్యా, పక్కకి జరుగు. కొడుకు వరస నాది" అంటూ కుండ మీద చెయ్యి వేసేడు.

నలుగురిలో నోరు విప్పే మనిషిని కాదు నేను. నా పెళ్ళిలో మంత్రాలు కూడా లోపలే అనుకున్నాను. ఆ రోజు అరిచేను.

"సెయ్యి తియ్యి! భూవి తినేసేవు, సావు కూడా నీ పేర రాయించుకుంటావేట్రా?"

జనం నా వైపు వచ్చి నిలబడ్డారు. సెల్లు పట్టుకున్న మనిషి దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. కుండ నేనే భుజాన పెట్టుకున్నాను. డెబ్బై మూడేళ్ళ మోకాళ్ళతో మూడు చుట్లూ తిరిగేను. వాడు దూరంగా ఎండలో నిలబడి చూసేడు. నాకు తృప్తిగా ఉంది. చావు ఇంట్లో రాయదగ్గ మాట కాదు, అయినా రాస్తున్నాను.

అది చాలదు. వాడు జైలు కూడు తినాలి. ఆ కాగితం చెల్లదని జడ్జిగారు చదువుతుంటే తలొంచుకుని వినాలి. అప్ప లేదు కనక ఇంక సాక్షులే దిక్కని లాయరుగారు చెప్పేరు. చదవకుండా సంతకం పెట్టేనని అందరి ముందూ నేనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాను.

ఆ రోజు నా తరవాత రెండో సాక్షిగా సంతకం పెట్టినాయన ఎవరో నాకు తెలీదు. కాగితంలో పేరు అలికేసినట్టుంది, అడ్రసులో వెతికితే అలాంటి మనిషి లేరన్నారు. ఎడంచేత్తో రాసేరు. రాసేక, "ఈ పెద్దావిడకి చదివి వినిపించేరా?" అని అడిగేరు. వాడు "అన్నీ తెలుసండి" అని తోసేసేడు. అయ్యా, మీరు అడిగిన ఆ ఒక్క మాట కోర్టులో చెబితే చాలు. ఆయన మీకెవరికైనా తెలిస్తే ఈ పత్రికవారికి రాసినా నాకు అందుతుంది.

రోజూ పొద్దున్నే కొండకర్ల ఆవ, అదే మా పెద్ద చెరువు, గట్టు మీదకి వెళ్ళి, చెప్పాల్సింది గట్టిగా చెప్పి చూసుకుంటున్నాను. మొదట్లో నా గొంతుకి నీటికోళ్ళు బెదిరి ఎగిరిపోయేవి. ఇప్పుడు తామరాకుల మధ్య కదలకుండా ఉండి వింటున్నాయి. వాయిదా దగ్గర పడింది. తొందరగా జవాబు రాయండి.