వెన్నముద్ద రుక్మ

యాకుత్‌పురా రైలు స్టేషన్ వెనక గల్లీలో రుక్మాబాయికి కొట్టం నిండా బర్రెలుండేవి, నోటి నిండా పాటలుండేవి. బర్రెల గురించి ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసేది. పాట గురించి అడిగారా, ఇక ఆ పూట పాలు పితికే పని కూతురు ఆండాలు నెత్తిన పడ్డట్టే.

పెళ్లింట్లో పసుపు దంచే రోజున రుక్మాబాయి గొంతు ఎత్తందే ఎవరూ రోకలి ఎత్తేవాళ్లు కాదు. హిందువుల ఇళ్లకూ వెళ్లేది, ముసల్మానుల ఇళ్లకూ వెళ్లేది. పెద్దపెద్ద నవాబుల దేవిడీల నుంచి పరదా కట్టిన జట్కా వచ్చి గల్లీ మొదట్లో ఆగేది. ఇరుగుపొరుగంతా బయటికొచ్చి చూసేదాకా రుక్మాబాయి జట్కా ఎక్కేది కాదు. కుచ్చిళ్లు సర్దుకుంటూ నిలబడేది. ఆమెకు అంత గీర ఉండేది, ఆ గీరకు తగ్గ గొంతూ ఉండేది.

ఏ పెళ్లింటికీ వట్టి చేతులతో పోయేది కాదు. మోదుగాకులో వెన్నముద్ద పెట్టుకుని గడప దగ్గరే నిలబడి, పెళ్లికూతురి తల్లిని పేరుపెట్టి కేకేసేది. ఆ ముచ్చటనే తాను కట్టిన పసుపు పాట చివరి చరణంలో పెట్టుకుంది.

*వెన్నముద్ద చేతబట్టి వాకిట్ల నిలిచె రుక్మ*
*పెండ్లిపిల్ల తల్లిని పేరువెట్టి పిలిచె రుక్మ*

"నేను పోయినంక బర్రెలను ఎవరో ఒకరు కొనుక్కపోతరు బిడ్డా," అనేది ఆండాలుతో. "ఈ చరణం మాత్రం ఇడిసిపెట్టకు. గిండ్ల నేనున్న."

సర్కారు పాతికేళ్ల ఏలుబడికి జూబ్లీ సంబరాలు జరిగిన ఏడే రుక్మాబాయి జ్వరంతో పోయింది. జట్కాలు రావడం ఆగిపోయింది. ఆండాలుకు తల్లి గొంతు రాలేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా గల్లీలో ఎవరింట్లో పసుపు దంచినా తల్లి పాటలన్నీ పొల్లు పోకుండా పాడేది. చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి ఛాతీ విరుచుకునేది.

మాణిక్యమ్మ అడ్డుపడేదాకా అలాగే సాగింది. మాణిక్యమ్మ ఆ గల్లీకి పెద్ద దిక్కు. ముహూర్తం పెట్టినా, ముంత కదిపినా ఆమె చెవిన వేయాల్సిందే. తన మనవరాలి పసుపు దగ్గర ఆండాలు చివరి చరణం అందుకోగానే ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"పసుపు కాడ పోయినోల్ల పేరెత్తుతరా ఆండాలు? పిల్ల బతుకు సల్లగుండాలె."

ఆండాలు ఒంటికాలి మీద లేచింది. పోయినామె పాట పనికొచ్చినప్పుడు పేరెందుకు పనికిరాదని నిలదీసింది. కానీ పెళ్లికూతురి తల్లి మొహం చూశాక వెనక్కి తగ్గింది. కీడు అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక ఏ తల్లి మనసు ఊరుకుంటుంది? ఆ రోజు నుంచి గల్లీలో పాట చివరి చరణానికి ముందే ఆగిపోయింది. కొన్నేళ్లకు పెరిగి పెద్దవాళ్లయిన ఆడపిల్లలు పాట అంతవరకే అనుకున్నారు. ఒక పిల్లయితే ఈ పాట నీకెవరు నేర్పారని ఆండాలునే అడిగింది. ఆండాలు కొట్టంలోకి పోయి, బర్రె మెడ మీద తల ఆనించి ఏడ్చింది.

యుద్ధం రోజులొచ్చాయి. పట్నంలో ఏ సరుకూ సరిగా దొరకని కాలం. ఉస్మాన్‌గంజ్‌లో ఒక ధాన్యం వ్యాపారి తన కూతురి పెళ్లికి వెన్న కావాలని కబురు పెడితే, ఒక మధ్యాహ్నం ఆండాలే గిన్నె పట్టుకుని బయలుదేరింది. ఆ ఇంటి వాకిట్లో కాలు పెట్టిందో లేదో, లోపల రోకళ్ల చప్పుడుతో పాటు తల్లి పాట వినిపించింది. పాడేవాళ్లలో తెలిసిన గొంతు ఒక్కటీ లేదు. ఇక ఆపేస్తారులే అనుకున్న చోట వాళ్లు ఆపలేదు.

*వెన్నముద్ద చేతబట్టి వాకిట్ల నిలిచె రుక్మ...*

చేతిలో వెన్నగిన్నెతో ఆండాలు ఆ వాకిట్లోనే నిలబడిపోయింది. కాస్త తేరుకుని లోపలికెళ్లి, రోలు దగ్గరున్న పిల్లను ఈ రుక్మ ఎవరని అడిగింది.

"గంత తెల్వదా అమ్మా? కృష్ణుని పెండ్లాం రుక్మినమ్మ. వెన్నముద్ద ఇంకెవరింట్ల ఉంటది?"

ఆండాలు చుట్టూ చూసింది. ఓ మూల జహీరా పెళ్లికూతురికి గాజులు తొడుగుతూ కూర్చుని ఉంది. లాడ్ బజార్ నుంచి గాజుల గంప పట్టుకుని పట్నంలోని పెళ్లిళ్లన్నీ తిరిగే మనిషి. రుక్మాబాయితో ఒకే జట్కాలో తిరిగిన నేస్తం. ఆండాలు గొంతు విని కూడా తలెత్తలేదంటే ఇదంతా ఎవరి పనో అర్థమైపోయింది.

బయటికొచ్చాక ఆండాలు ఆమెను పట్టుకుంది. "ఏంది ఆపా గిది? పేరు మా అమ్మది, మొక్కు ఇంకొకరికా?"

"రుక్మ ఎవరని నన్ను అడిగిర్రు," అంది జహీరా. "సచ్చిపోయిన నా దోస్తు అంటే ఆ చరణం ఆడనే కోసేస్తుండిరి. మీ గల్లీల కొయ్యలేదా? గందుకే దేవుని పెండ్లాం అన్న. ఎక్కడ గాజులు తొడిగితే అక్కడ పాడిచ్చిన. పేరైతే ఉన్నది గద, బేటీ."

ఆండాలు విసవిసా ఇంటి దారి పట్టింది. కోపం మూసీ వంతెన దాకా ఉంది. ఆ తర్వాత తల్లి గుర్తొచ్చింది. గల్లీ అంతా చూసేదాకా జట్కా ఎక్కని మనిషి! దేవుడి పెళ్లాం అనిపించుకోవడమంటే ఆమెకు తగిన హోదాయే అనిపించి, ఆండాలుకు దారిలోనే నవ్వొచ్చింది.

తర్వాతి ముహూర్తాల్లో గల్లీలో ఇంకో పసుపు వచ్చింది. ఆండాలు పాట ఎత్తుకుంది, ఈసారి ఆగలేదు. ఆడవాళ్ల రోకళ్లు ఆగాయి. మాణిక్యమ్మ మొహం ముడుచుకుంది.

"మల్ల మీ అమ్మ పేరేనా?"

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పాలంటే కన్నతల్లిని కాదనాలి. కాదనకపోతే ఆమె పేరు ఈ గల్లీలో ఇక మిగలదు.

"మా అమ్మ కాదు పెద్దమ్మా," అంది. "కృష్ణుని పెండ్లాం రుక్మినమ్మ. ఉస్మాన్‌గంజ్ అంత గిదే పాడుతున్నరు."

మాణిక్యమ్మ రోకలి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి, ఆ చరణం తానే అందుకుంది. వెనకాల ఆడవాళ్లంతా గొంతు కలిపారు. బర్రెలు పితికి బతికిన రుక్మాబాయికి, ఆమె గల్లీలోనే, ఆమెను వద్దన్న మనిషే దండం పెడుతోంది. ఆండాలు పసుపు పొడి కళ్లలో పడిందని చెప్పి కొంగుతో తుడుచుకుంది. పాట అయిపోగానే, అందరికంటే గట్టిగా, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.