డాబా మీద గదిలో తోడికోడళ్ళు

పద్మావతమ్మకూ శివపార్వతికీ మాటల్లేక ఏళ్ళు గడిచిపోయాయి. ఇద్దరూ సొంత తోడికోడళ్ళు. భవానీపురంలో ఒకే ఇల్లు. కింది వాటాలో పెద్దామె పద్మావతమ్మ, పై వాటాలో చిన్నామె శివపార్వతి. వాళ్ళ భర్తలైన అన్నదమ్ములకు ఏ పొరపొచ్చాలూ లేవు. పెద్దవాడు తిరుపతిరావు, చిన్నవాడు బసవపున్నయ్య పామర్రు దగ్గర పొలాలు కౌలుకిచ్చి వచ్చి గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెట్టుకున్నారు. పొద్దున్నే ఒకే కారులో వెళ్ళి సాయంత్రం ఒకే కారులో వస్తారు. ఆడవాళ్ళ సంగతి మనకెందుకని ఇద్దరూ ఆ విషయం ఎత్తడం ఎప్పుడో మానేశారు.

గొడవ మొదలైంది పద్మావతమ్మ తల్లి పోయినప్పుడు. శివపార్వతి మొదటిరోజు వచ్చి చూసి ఏడ్చి వెళ్ళింది. పెద్దకర్మకు మాత్రం రాలేదు. ఆ రోజు ఆవిడ తన అక్క కూతురి నిశ్చితార్థంలో పట్టుచీర కట్టుకుని ఉందని ఎవరో ఫోటో చూపించారు. పద్మావతమ్మ ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. మర్నాడు మెట్ల దగ్గర "అక్కయ్యా, భోంచేశారా?" అని శివపార్వతి పలకరిస్తే మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. శివపార్వతి కొన్నాళ్ళు చూసింది. ఆవిడకు లేనిది నాకు మాత్రం ఎందుకని తనూ మానేసింది. ఆ తర్వాత పద్మావతమ్మకు సింధూరి కోడలిగా వచ్చాక, ఏ కబురైనా ఆ పిల్ల ద్వారానే. "మోటారు వేశారేమో కనుక్కో" అని కింద నుంచి ఒక మాట. "వేశామని చెప్పు" అని పై నుంచి ఒక మాట. ఇద్దరికీ ఇద్దరి గొంతులూ వినపడుతూనే ఉండేవి. అయినా సింధూరి మధ్యలో నిలబడి ఆ మాటే మళ్ళీ చెప్పాల్సి వచ్చేది.

కరోనా రెండో వేవ్ ఇంకా ముదరక ముందు, పామర్రులో దగ్గరి బంధువుల ఇంట ఓణీల ఫంక్షన్ జరిగింది. వెళ్ళకపోతే బాగుండదని రెండు వాటాల వాళ్ళూ వెళ్ళారు. భర్తకు వేరే ఊళ్ళో ఉద్యోగం కావడంతో సింధూరి ఒక్కతే చంటిపిల్లతో ఇంట్లో ఉండిపోయింది. ఫంక్షన్ హాల్లోకి వెళ్ళేదాకా అందరి మాస్కులూ ముక్కు మీద ఉన్నాయి. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి గడ్డం కిందికి జారాయి. భోజనాల దగ్గర జేబుల్లోకీ హ్యాండ్‌బ్యాగుల్లోకీ వెళ్ళిపోయాయి. తోడికోడళ్ళిద్దరూ బంతిలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. పెళ్ళికూతురిలా ముస్తాబైన ఆ ఓణీల పిల్లకు జ్వరం, వాళ్ళ నాయనమ్మకు జ్వరం, వీడియో తీసిన కుర్రాడికి జ్వరం. పద్మావతమ్మకు ఒళ్ళు నొప్పులుగా ఉన్నా ఎండ దెబ్బ అని చెప్పుకుంది. మజ్జిగ తాగింది, మాత్ర వేసుకుంది, మనవరాలిని మాత్రం ఎత్తుకోలేదు. అది చూసే సింధూరికి అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, పాప ఏడుస్తుంటే ఎత్తుకోలేదేంటి? మీకు ఒంట్లో బాలేదు కదూ?"

"నాకేమైందే? కాస్త నీరసం, అంతే."

పై నుంచి దగ్గు వినిపించింది. ఒకసారి కాదు, ఆగకుండా. అత్తా కోడళ్ళిద్దరూ సీలింగు వైపు చూశారు.

మర్నాడు పొద్దున్నే తిరుపతిరావు తోడికోడళ్ళిద్దరినీ కారెక్కించుకుని దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాడు. పద్మావతమ్మ ముందు సీట్లో, శివపార్వతి వెనక సీట్లో. అద్దాలన్నీ దించి ఉన్నాయి. ఆరోగ్య కేంద్రం ముందు సున్నంతో గుండ్రాలు గీసి ఉన్నాయి కానీ జనం వాటిని ఎప్పుడో దాటిపోయి రోడ్డు దాకా నిలబడ్డారు. ఒకాయన టవలు తల మీద కప్పుకుని కిందే కూర్చున్నాడు. పద్మావతమ్మ లైన్లో నిలబడి వెనక్కి చూసింది. వెనక శివపార్వతి. ఆ చిన్నామె తమ మధ్యలోకి రమ్మని ఒక ముసలామెను పిలిచి నిలబెట్టుకుంది.

స్వాబు తీసే నర్సు తెరేసమ్మ నిలువెల్లా తెల్లటి కిట్టులో ఉంది. మొహం కనపడదు కాబట్టి వీపు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసుకుంది. ఆ కిట్టు లోపల ఎంత ఉక్కగా ఉందో గాని గొంతు మాత్రం ఓపికగానే ఉంది.

"నోరు తెరవండమ్మా. ఆ అనండి. ఇప్పుడు ముక్కులో పెడతాను, కదలొద్దు."

పుల్ల ముక్కులోకి వెళ్ళి ఎక్కడో కళ్ళ వెనక గుచ్చుకున్నట్టు అనిపించేసరికి పద్మావతమ్మ తల వెనక్కి లాక్కుంది. తెరేసమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరిట్టా లాక్కుంటే మళ్ళీ పెట్టాల్సొస్తదమ్మా. ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టండి."

రెండోసారికి పని అయ్యింది. కళ్ళ నీళ్ళు కారుతుంటే పద్మావతమ్మ పక్కకు వచ్చి చెట్టు నీడన నిలబడింది. శివపార్వతి ఒక్కసారి కూడా కదలకుండా ఇచ్చింది. అది చూసి ఈవిడకు ఎందుకో ఒళ్ళు మండింది.

ఇద్దరికీ తిరుపతిరావు ఫోన్ నంబరే ఇచ్చారు. రెండ్రోజులు దాటాక మెసేజ్ వచ్చింది. శివపార్వతికి పాజిటివ్. పద్మావతమ్మ ఆ మాట విని "అయ్యో" అంది కానీ, లోపల ఎక్కడో చిన్న ఊరట కలిగింది. ఆ ఊరట నిలిచింది కాసేపే. ఇంకో మెసేజ్ టింగుమంది. తిరుపతిరావు కళ్ళజోడు పెట్టుకుని చదివి భార్య వైపు చూశాడు. చెప్పనక్కర్లేకుండానే ఆవిడకు అర్థమైంది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కింద చంటిపిల్ల ఉంది. పైన బసవపున్నయ్యకు గుండెకు స్టెంటు వేసి ఏడాది కూడా కాలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ ఇంట్లో ఉండటానికి లేదు. ఆస్పత్రుల్లో మంచాలు ఊపిరాడని వాళ్ళకే దొరకడం లేదు. మిగిలింది డాబా మీది గది. అద్దెకున్న కుర్రాడు ఊరెళ్ళిపోయి ఖాళీగా ఉంది. బాత్రూము కూడా దానికే ఉంది.

"ఇద్దరూ ఆ గదిలోనే సర్దుకోండి" అన్నాడు తిరుపతిరావు, గుమ్మం బయట నిలబడి.

"ఆవిడతోనా? నేను వరండాలో పడుకుంటాను."

"వరండాలో పాప పాకుతోంది పద్మా."

పద్మావతమ్మ దుప్పటి, రెండు చీరలు, బిళ్ళల డబ్బా తీసుకుని మెట్లెక్కింది. అప్పటికే శివపార్వతి కిటికీ పక్క మంచం తీసుకుంది.

మొదటిరోజంతా ఎవరి మంచం మీద వాళ్ళు గోడ వైపు తిరిగి పడుకున్నారు. డాబా మీద గది కాబట్టి మధ్యాహ్నానికి పెనంలా కాలిపోయింది. పద్మావతమ్మ ఫాను పెంచింది. శివపార్వతికి జ్వరం మీద చలి. ఆవిడ ఫోన్ తీసి చెల్లెలికి చేసి గట్టిగా మాట్లాడింది. "ఏం చెప్పనే, ఇక్కడ ఫాను గాలికి వణికి చస్తున్నా. ఎవరికి చెప్పుకోవాలి?" పద్మావతమ్మ లేచి ఫాను తగ్గించి, విసనకర్ర కోసం కింద కోడలికి కేకేసింది. అంతవరకే. మాట్లాడలేదు.

భోజనం సింధూరి తెచ్చి పై మెట్టు మీద పెట్టి కిందికి దిగాక పిలిచేది. మూడోరోజున సొరకాయ పప్పు వచ్చింది. పద్మావతమ్మ రెండు ముద్దలు తిని ఆగింది. ఇంకో ముద్ద తింది. మట్టి తిన్నట్టుంది. పిల్ల పనుల్లో పడి కోడలు ఉప్పు మర్చిపోయి ఉంటుంది. సింధూరిని పిలిచి అడగాలంటే లేచే ఓపిక లేదు.

"ఇందులో ఉప్పుందా?" అంది, గోడను అడిగినట్టు.

పక్క మంచం మీద నుంచి సమాధానం వచ్చింది.

"నాకూ తెలియట్లేదక్కయ్యా. పొద్దున కాఫీ కూడా వేడినీళ్ళలాగే ఉంది."

పద్మావతమ్మ ఆవకాయ ముక్క వాసన చూసింది. ఏమీ లేదు. సీసా శివపార్వతి వైపు జరిపింది. ఆవిడ చూసింది. ఆవిడకూ లేదు. అమృతాంజనం డబ్బా మూత తీశారు. కొబ్బరినూనె చూశారు. చివరికి బాత్రూములో ఫినాయిల్ సీసా కూడా మూత తీసి ఒకరి తర్వాత ఒకరు ముక్కు పెట్టారు. శివపార్వతికి నవ్వొచ్చింది, నవ్వు దగ్గులోకి దిగింది. పద్మావతమ్మ నీళ్ళ గ్లాసు అందించింది.

మాటలైతే వచ్చాయి. వచ్చాక దాచుకున్నదీ బయటికొచ్చింది. ఆ సాయంత్రమే పద్మావతమ్మ అడిగేసింది.

"మా అమ్మ పెద్దకర్మకి ఎందుకు రాలేదు నువ్వు?"

"మీరు పిలిచారా?"

"మీ ఆయనకి చెప్పాం కదా!"

"ఆయనకి చెప్పారు. కార్డు ఆయన చేతికిచ్చారు. ఊళ్ళో ప్రతి గడపకీ వెళ్ళి పిలిచారంట, మెట్లెక్కి నాకొక్క మాట చెప్పలేకపోయారా?"

"తల్లి పోయి నేనేడుస్తుంటే నీ గుమ్మంలోకొచ్చి నిన్ను పిలవాలా?"

"మీరు రాకపోయినా సింధూరినైనా పంపొచ్చు. అప్పుడు సింధూరి లేదనుకోండి. ఎవరినో ఒకరిని."

ఇద్దరికీ ఆయాసం వచ్చి ఆగారు. ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. కాకపోతే ఇన్నేళ్ళూ తనను చిన్నచూపు చూసి రాలేదనుకున్న పద్మావతమ్మకు, పిలవలేదని చిన్నబోయి రాలేదన్న సంగతి ఇప్పుడే తెలిసింది. అది తెలిశాక కోపం మునుపటంత బలంగా నిలబడలేదు. మంచం మీద అటు తిరిగి పడుకుని ఆ సంగతే చాలాసేపు ఆలోచించింది.

వేలికి పెట్టుకుని ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసుకునే ఆక్సీమీటరు ఊరంతా వెతికి తిరుపతిరావు ఒకటి సంపాదించాడు. పూటకోసారి ఇద్దరూ పెట్టుకుని అంకె చూసి కిందికి చెప్పాలి. పద్మావతమ్మకు తొంభై ఏడు దగ్గర నిలకడగా ఉంది. శివపార్వతిది తగ్గుతూ వచ్చింది. ఆవిడ మాత్రం తొంభై ఆరు, తొంభై ఆరు అని కిందికి కేకేస్తూనే ఉంది. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుని వచ్చి మంచం మీద కూర్చున్న శివపార్వతి పెదవులు నల్లగా కనిపించాయి. పద్మావతమ్మ ఆక్సీమీటరు తీసి ఆవిడ వేలికి తగిలించింది. ఎనభై ఎనిమిది.

"వేళ్ళు చల్లగా ఉన్నాయక్కయ్యా, అందుకే అట్టా చూపిస్తంది."

పద్మావతమ్మ ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి వెచ్చగా రుద్ది మళ్ళీ పెట్టింది. ఎనభై ఏడు.

"ఎన్నాళ్ళ నుంచి అబద్ధం చెప్తున్నావే?"

"నన్ను ఆస్పత్రికి పంపొద్దక్కయ్యా. ఎదురింటాయన నడుచుకుంటూ వెళ్ళాడు. ఏమయ్యాడో చూశారుగా. మూటకట్టి ఇచ్చారు, మొహం కూడా చూపించలేదు. చస్తే ఇక్కడే చస్తా."

పద్మావతమ్మ ఇంకేమీ వినలేదు. ఆవిడను బోర్లా పడుకోబెట్టి, ఛాతీ కింద దిండు తోసి, పిట్టగోడ దగ్గరికి వెళ్ళి వీధంతా వినిపించేలా అరిచింది. "ఏవండీ! పార్వతికి బాలేదు! బండి పిలవండి!"

మంచం దొరకడం బండి దొరికినంత తేలిక కాలేదు. ఇద్దరన్నదమ్ములూ, సింధూరీ మూడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకచోట ఖాళీ లేదన్నారు, ఒకచోట ఫోనే ఎత్తలేదు, ఇంకోచోట ఖాళీ ఉందని చెప్పి తిరిగి చేసేసరికి అయిపోయిందన్నారు. మధ్యాహ్నానికి గుణదల వైపు ఒక చిన్న ఆస్పత్రిలో ఒకటి దొరికింది. అంతసేపూ పద్మావతమ్మ శివపార్వతి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఊపిరి తీస్తుంటే లేచే వీపు, దిగే వీపు. ఎప్పుడైనా లేవడం ఆలస్యమైతే తట్టేది.

అంబులెన్స్ వాళ్ళు మెట్ల మీద నుంచి కుర్చీలో దించారు. బసవపున్నయ్య గేటుకు అవతల నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. దగ్గరికి రావద్దని అందరూ ఆపారు. శివపార్వతి బండి ఎక్కనని తలుపు కమ్మీ పట్టుకుంది.

"నేను కూడా వస్తున్నా, ఎక్కు" అంది పద్మావతమ్మ.

"నువ్వెక్కడికి?" అన్నాడు తిరుపతిరావు.

"నాకెట్టాగూ ఉందిగా, కొత్తగా అంటుకునేదేముంది? మీరు వెళ్తే మీకొస్తుంది."

అంటూనే పద్మావతమ్మ బండెక్కింది. ఆస్పత్రి వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. పాజిటివ్ కాగితం చూపించాక, లోపల మనుషులు చాలక సతమతమవుతున్నారు కాబట్టి, ఉండమన్నారు. పద్మావతమ్మ ఆ వార్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తోడికోడలికి గంజి తాగించింది, మాస్కు జారితే సర్దింది, బోర్లా తిరగనంటే తిట్టింది. పక్క మంచాలకు కూడా నీళ్ళందించింది. వాటిలో ఒక మంచం పొద్దున నిండుగా ఉండి సాయంత్రానికి దుప్పటి మార్చి ఉండేది. అలాంటప్పుడు శివపార్వతికి కనపడకుండా కుర్చీ అడ్డంగా జరుపుకుని కూర్చునేది.

శివపార్వతి బతికింది. ఇంటికొచ్చేసరికి సగం మనిషైంది, జుట్టు దువ్వెనకు చుట్టలుగా ఊడింది. పద్మావతమ్మకు దగ్గు తప్ప ఏమీ మిగల్లేదు. వాసన మాత్రం ఇద్దరికీ మెల్లగా, ఒక్కొక్కటే వచ్చింది. ఇద్దరికీ మొదట వచ్చింది కాఫీ వాసన కాదు, మురుగు కాలువ వాసన. దానికే సంబరపడ్డారు.

ఊపిరితిత్తులు కుదురుకోవడానికి చాలాకాలం పడుతుందని డాక్టరు చెప్పాడు. పై వాటాకు మెట్లెక్కాలంటే శివపార్వతి మధ్యలో రెండుసార్లు కూర్చునేది. ఒకరోజు అలా కూర్చుని ఉంటే పద్మావతమ్మ గుమ్మంలోంచి చూసింది. ఆ రాత్రే భర్తతో తేల్చి చెప్పింది. వచ్చే ఆదివారం మనం పైకి, వాళ్ళు కిందికి. కింది వాటాలో వంటింటి గట్టు నుంచి దేవుడి గూడు దాకా ప్రతిదీ ఆవిడ దగ్గరుండి కట్టించుకున్నది.

ఆదివారం సామాన్లు దించుతూ ఎక్కిస్తూ సాయంత్రమైంది. శివపార్వతి గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

"నాకోసం ఇదంతా ఎందుకక్కయ్యా?"

"నీకోసమని ఎవరన్నారు? పైన గాలొస్తుంది" అంది పద్మావతమ్మ, బిందె చంకనెత్తుకుని.

పైన గాలి రాదు. ఎండాకాలం కాలిపోతుంది. పద్మావతమ్మ రోజుకొకసారైనా ఆ మాట అంటుంది. కింది నుంచి "మళ్ళీ మార్చుకుందామా?" అని శివపార్వతి కేకేస్తే, "నోర్మూసుకుని అన్నం తిను" అని పై నుంచి సమాధానం వస్తుంది. సింధూరికి మాత్రం మధ్యలో నిలబడి కబుర్లు మోసే పని తప్పింది.