కోడెదూడల గురించి అడిగిన డాక్టరు

ఈ రోజు పొద్దున మురుగమల్ల దగ్గర ఒక ఇంట్లో ఆవు ఈనింది. నేను వెళ్ళేసరికే మాయ పడిపోయింది, నాకు పెద్దగా పని లేకపోయింది. ఇంటామె మొదటి పాలు పిండి బకెట్టు తెచ్చి నా పక్కన పెట్టింది. పసుపుపచ్చగా, చిక్కగా, ఇంకా ఆవు ఒంటి వేడి తగ్గని ముర్రుపాలు. ఆ వాసనకు ఎవరికైనా జున్ను గుర్తొచ్చి నోరూరుతుంది. నాకు మాత్రం నంజుండప్ప గారు గుర్తొస్తారు.

ఆయన కర్ణాటకలో, తెలుగు మాట్లాడే మా బాగేపల్లి వైపు తాలూకాలో ఒక గొడ్ల ఆస్పత్రికి డాక్టరు. పెళ్ళై, పాప పుట్టిన తర్వాత నాకు మొదటి ఉద్యోగం ఆయన కిందే దొరికింది. టీకాలు వేయడం, కట్లు కట్టడం, ఆవులకు సూది వేసి చూలు కట్టించడం నా పని. డాక్టరు గారు పొట్టి మనిషి. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల పైకి మడిచి ఉండేవి. స్కూటరు మీద గూళూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవారు. గొంతు పెంచి మాట్లాడగా పదేళ్ళలో నేను ఒక్కసారి కూడా వినలేదు.

చేరిన మొదటి వారం ఒక ఆవుకు టీకా వేయాలి. నేను ఇద్దరు మగవాళ్ళను పిలిచి, ముకుతాడు బిగించి పట్టుకోమన్నాను. ఆవు కళ్ళు తెల్లగా తిరిగాయి. డాక్టరు గారు వెనక నుంచి వచ్చారు.

“ఆ తాడు వదలప్పా,” అన్నారు రైతుతో. తర్వాత నా వైపు తిరిగారు. “నువ్వెవరో దానికి తెలీదు కదమ్మా. వచ్చీరాంగానే సూది ఎత్తుకుంటే నువ్వైతే ఒప్పుకుంటావా? కొంచేపు ఊరికే నిలబడు. వాసన చూడనీ.”

నిలబడ్డాను. ఆవు నా చెయ్యి, చీర కొంగు, చివరికి చెప్పులు కూడా వాసన చూసింది. రైతులు నవ్వుతున్నారు. నాకు సిగ్గేసింది. “సార్, టైము పోతుంది. ఇంకా పన్నెండు ఇళ్ళున్నాయి,” అన్నాను.

“పోనీ. ఆ టైములో దానికీ భాగముండాది.”

ఆయన్ను ఆవులకు మర్యాదలు చేసే డాక్టరని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి చేసినవాళ్ళే గొడ్డుకు జబ్బు చేస్తే ఆయన కోసమే కాచుకుని ఉండేవాళ్ళు.

రెండు మూడేళ్ళు గడిచాక ఒక పల్లెలో పాల డైరీ వసారాలో మీటింగు పెట్టారు. జంతువుల హక్కుల గురించి చెప్పడానికి బెంగళూరు నుంచి ఒక యువకుడు వచ్చాడు. పొగరుబోతు కాదు, చేతులు కట్టుకుని నెమ్మదిగా కన్నడంలో మాట్లాడాడు. ఆవు పాలు దూడ కోసం పుడతాయనీ, ఆవు బతుకు ఆవుదేననీ, దాన్ని సొత్తుగా వాడుకోవడమే తప్పనీ చెప్పాడు. మొదట అందరూ నవ్వారు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. గంగులమ్మ లేచి నిలబడింది. భర్త పోయాక, ఎక్కువ పాలిచ్చే సంకరజాతి సీమావులు రెండింటితో సంసారం ఈదుతున్న మనిషి.

“ఏమప్పా, బోరు ఎండిపోయినప్పుడు నన్నూ నా బిడ్డల్నీ సాకింది ఆ ఆవులే. నేను తినకముందే వాటికి మేత వేస్తాండాను. నన్ను దొంగంటావా?”

“మిమ్మల్ని అనలేదమ్మా,” అన్నాడతను తడబడుతూ.

“ఇంకెవర్నంటివి? పాలు పిండేది నేనే కదా!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే డాక్టరు గారి వైపు తిరిగారు. ఆయన తమ మనిషి, ఇంకో రెండు మాటలు గట్టిగా తగిలిస్తారని వాళ్ళ ఆశ. నేనూ అదే అనుకున్నాను.

“గంగులమ్మ చెప్పింది నిజం,” అన్నారాయన. “ఆ పిల్లోడు చెప్పింది గూడా అబద్ధం కాదు. నేనొక మాట అడుగుతాను. పోయినేడు ఈ ఊర్లో ఈనిన సీమావులన్నిటికీ చూలు కట్టించింది మా ఆస్పత్రే. సగం కోడెదూడలే పుట్టింటాయి. అవి ఇప్పుడు యాడుండాయి?”

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుతో పని తగ్గింది. పాలివ్వని దూడకు పాలు పోయడం ఎవరికీ గిట్టదు. కొన్ని కట్టుగొయ్య దగ్గరే ఎండిపోతాయి, కొన్ని సంతకు పోతాయి. అందరికీ తెలిసిన సంగతే. పైకి అడిగినవాళ్ళే లేరు.

“మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగలేదు. వాటిని పుట్టించిన చెయ్యి నాది. నన్ను నేనే అడుగుతాండాను,” అని ఆయన కూర్చున్నారు.

అందరితో పాటు నేనూ తల దించుకున్నాను. దానికి కారణం నాకొక్కదానికే తెలుసు. చింతామణి పక్కన మా అత్తగారింట్లో ఆ నెలలోనే ఒక కోడెదూడ గడ్డివామి వెనక కట్టేసి ఉండేది. రోజంతా అరిచేది. ఒకనాడు అరుపు వినబడలేదు. ఏమైందని నేను అడగలేదు. తాలూకా అంతా తిరిగి దూడలకు మందులు వేసే నేను, నా ఇంట్లో దూడ సంగతి అడగలేదు.

తిరిగి వచ్చాక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆయనకు ఆ మాట చెప్పేశాను. “పాపం తగులుతుందా సార్?” అని అడిగాను.

“ఆ మాట పూజారిని అడగమ్మా. దానికి ఆకలైంది. నాకు తెలిసింది అంతే.”

ఓదార్చలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది.

మరుసటి ఏడు మా ఆవుకు మళ్ళీ కోడెదూడే పుట్టింది. ఒక చన్ను దానికే వదిలేద్దామని అత్తతో అన్నాను. “ఆస్పత్రి బుద్ధులు ఇంటికి తెస్తాండావా?” అని ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పాలు పిండుతూ, నా వైపు చూడకుండానే, “వెనక కుడి చన్ను దానికి పెట్టినాను. అందులో పాలు తక్కువలే,” అంది. తక్కువేమీ కాదని ఇద్దరికీ తెలుసు. ఆ దూడ బాగా పెరిగింది. హొసూరులో మా బంధువొకాయన టమోటా వేస్తాడు. సాళ్ళ మధ్య ట్రాక్టరు దూరదని, కలుపు తీసే గుంటక తోలడానికి దాన్ని తీసుకెళ్ళాడు. ఇప్పటికీ ఉంది. అయితే తర్వాత పుట్టిన రెండు కోడెదూడల్లో ఒకదాన్ని మేము నిలుపుకోలేకపోయాం. ఆ ఏడు మేత లేదు. అదీ చెప్పాలి.

డాక్టరు గారి సర్వీసు చివరి ఏడాది, ఎక్కువగా పెయ్యదూడలే పుట్టే రకం సూదులు మాకు వచ్చాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. “ఇంక ఆ గొడవే ఉండదు సార్!”

“మంచిదే. ఆకలితో చచ్చేవి తగ్గుతాయి,” అన్నారు. సూది సిద్ధం చేస్తూ, “అక్కరలేనివి పుట్టకుండా చేస్తాండాము పద్మా. ఆ అక్కర ఎవురిదని మాత్రం అడగలేదు,” అన్నారు. అని, మొదటి సూది ఆయనే వేశారు.

రిటైరయ్యాక ఆయన చిక్కబళ్ళాపురంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఆయన భార్య నాకు మంచి చిక్కటి కాఫీ తెచ్చి, ఆయనకు పాలు లేని కాఫీ ఇచ్చారు. కడుపులో మంటా అని అడిగాను. ఆమె పకపకా నవ్వారు.

“మంటా కాదు, ఏం కాదు. ఈయప్ప పాలు ముట్టరు. పెండ్లిచూపులప్పుడు మా అమ్మ పాయసం పెడితే పక్కకు జరిపినారు. పిల్ల నచ్చలేదేమో అని ఇంట్లో అందరూ ఏడుపు!”

పదేళ్ళు ఆయన పక్కన పనిచేసి నేను గమనించలేదు. పల్లెల్లో పెట్టిన మజ్జిగ నేను తాగుతుంటే, ఆయన మాత్రం ఎప్పుడూ గొడ్డు దగ్గర ఏదో పని కల్పించుకునేవారని అప్పుడు తట్టింది.

“మాకు చెప్పలేదే సార్?”

“చెప్పింటే అందరూ నా కాఫీ గురించి మాట్లాడుకొనుంటారు. దూడ గురించి ఎవరు మాట్లాడేవాళ్ళు?”

“మరి జీవితమంతా పాల ఆవులకే వైద్యం చేశారు కదా?”

“అవి ఉండాయి కదమ్మా. నేను తాగకుంటే వాటి జ్వరం దిగుతాదా?” అని నా గ్లాసు వైపు చెయ్యి చూపించారు. “ఆరిపోతాంది, తాగు.”

తాగాను. బాగుంది.

నేను పాలు మానలేదు. ఆయనా ఎప్పుడూ మానమనలేదు. బెంగళూరులో చదువుతున్న మా అమ్మాయి ఈ మధ్య మానేసింది. సెలవులకు వచ్చినప్పుడల్లా వాళ్ళ అవ్వతో వాదన. అవ్వ పంతానికి దాని అన్నంలో పెరుగు వేయబోతుంది, అది కంచం లాక్కుంటుంది. ఇద్దరూ చివరికి నా మీదకు వస్తారు. ఆ మీటింగులో గంగులమ్మ గెలిస్తే చాలనుకున్న మనిషినే నేను ఒకప్పుడు. ఇప్పుడు ఎవరి మాటా తీసిపారేయలేను. అలాగని మౌనంగానూ ఉండను.

మొన్న అమ్మాయి నిలదీసింది. “నువ్వు తాగుతున్నావు కదమ్మా. అంటే తప్పు కాదనేగా?”

“నేను తాగుతున్నానన్నాను,” అన్నాను. “తప్పు కాదని ఎప్పుడన్నాను?”

అమ్మాయి వాదన ఆపి నా వైపు చూసింది. అత్త కూడా పెరుగు గిన్నె చేతిలో పట్టుకుని చూసింది. ముగ్గురం కలిసి భోజనం చేశాం.