తోకబండి గంట

ఆ మూడుదారుల దగ్గర ఆయన కుడికి తిరగలేకపోయాడా, తిరగకూడదనే అనుకున్నాడా? ఇన్నేళ్ళుగా ఎటు నుంచి ఆలోచించినా నాకు తెగలేదు. ఆయన భార్య దగ్గర ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరైనా నోరు జారితే ఆవిడ చేతిలో ఉన్న ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి, బుడగల కోసం చూస్తూ ఉండిపోతుంది.

పార్కు వెనక గేటు పక్కనే వాళ్ళ సైకిళ్ళ దుకాణం. కింద ఒకటే గది. దూలానికి వేలాడే టైర్లు, గ్రీజు తాగి నల్లబడ్డ బల్ల, మూల నీళ్ళతొట్టి. పైన కాపురం. అద్దె సైకిళ్ళూ పంచర్లూ ఆ ఇంటికి కూడు పెట్టేవి గానీ, ఆయన ప్రాణమంతా ఆదివారం పొద్దుటి సవారీలో ఉండేది. లారీలూ హారన్లూ లేని దారులన్నీ ఆయనకు కొట్టిన పిండి. పార్కు గోడ వెంట చెట్ల నీడలో సాగే సన్న రోడ్డు, పొద్దుతిరుగుడు చేల మధ్య ఎత్తుపల్లాలు, పాలకేంద్రం వెనక చెక్క వంతెన, చెరువు గట్టు. వారమంతా ఆఫీసుల్లో ఊపిరాడని నాలాంటి వాళ్ళం ఆయన వెనక వరసకట్టి బయల్దేరేవాళ్ళం. అందుకే ఆయనకు ముందుబండి అని పేరు స్థిరపడిపోయింది.

చిట్టచివరి సైకిలు భార్యది. "ముందు ముందుబండి, వెనక తోకచుక్క. మధ్యలో తిరిగే గ్రహాలం మనం" అనేవాడు బ్యాంకాయన. వరసలో అతను ఆవిడకు కాస్త ముందు ఉండేవాడు, నోరు మాత్రం అందరికన్నా ముందు ఉండేది.

ఆ సవారీకి ఒక కట్టుబాటు ఉంది. ముందువాడికి కనిపించేది వెనకవాడికి కనిపించదు కాబట్టి, ఆయన "గుంత!" అని అరిస్తే రెండో మనిషి ఆ మాట అందుకుని వెనక్కి అరవాలి. అలా నోటి నుంచి నోటికి చివరిదాకా వచ్చాక ఆవిడ ఒక్కసారి గంట కొట్టాలి. మాట అందింది, అందరం ఉన్నాం అని అర్థం. గంట వినపడేదాకా ఆయన పెడలు మీద బరువు పెంచేవాడు కాదు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నదానికన్నా ఆ మొగుడూ పెళ్ళాలు ఇలా పదిమంది నోళ్ళ మీదుగా మాట్లాడుకున్నదే ఎక్కువ.

ఇక ఆ మూడుదారులు. ఎడమది ఇటుక బట్టీలకు పోతుంది. కుడిది చెరువు గట్టు ఎక్కుతుంది. తిన్నగా పోయేది పొడుగాటి వాలు. రెండువైపులా చెట్లు పైన కలుసుకుని పందిరి వేసినట్టుంటుంది. అంత అందమైన దారి చివరికి వెళ్ళి లారీల రోడ్డు నోట్లో పడుతుంది. అక్కడికొచ్చినప్పుడల్లా ఆయన ఆ వాలు వైపు ఒకసారి చూసేవాడు. "ఒంటరివాణ్ణయితే దిగేవాణ్ణే" అని, "కుడికి!" అని కేక వేసేవాడు.

ఒక ఆదివారం పాలకేంద్రం దాటగానే "గుంత, ఎడమ పక్క!" అన్న కేక వచ్చింది. వరసంతా పాములా కుడికి వంగింది. ఆవిడ కూడా వంగి, గంట కొట్టి, అప్పుడు చూసింది. గుంత లేదు. నులకమంచం అంత మేర కొత్త తారు వేసి చదును చేసేశారు. నల్లగా నిగనిగలాడుతూ చివరనున్న ఆవిడకే కొట్టొచ్చినట్టు కనిపించింది.

వంతెన దగ్గర ఆగినప్పుడు బ్యాంకాయన వదల్లేదు. "అన్నయ్యా, గుంత ఏదీ? మమ్మల్ని ఉత్తినే డాన్సు చేయించావు?"

"ఏళ్ళ తరబడి పలకరించిన గుంతయ్యా. పూడ్చేశారని పలకరింపు మానేస్తామా?" అన్నాడాయన.

అందరం పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆవిడకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఈ మధ్య వేలాడే టైర్లకు తల కొట్టుకుంటున్నాడు. పంచరు చూసేటప్పుడు బుడగల్ని కళ్ళతో కాక వేళ్ళతో వెతుకుతున్నాడు. టీ కప్పు అంచు దొరకబుచ్చుకున్నాకే పోసుకుంటున్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చి, అద్దాలు మార్చమన్నారని చెప్పాడు. అద్దాలు మారాయి, అంతే.

ఇంటికొచ్చాక షట్టరు సగం దించి అడిగింది. "ఏమండీ, నా ముఖం చూసి చెప్పండి. డాక్టరు ఏమన్నాడు?"

"నీ ముఖం చూడాలంటే బల్బు వెయ్యాలి కదే."

"బల్బు వెలుగుతూనే ఉందండీ."

ఆయన తిరగేసి ఉన్న సైకిలు చక్రాన్ని చేత్తో ఆపాడు. తర్వాత చెప్పాడు. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదట. ఉన్నది కూడా గొట్టంలోంచి చూసినట్టు ఇరుకైపోతోందట, పొద్దున పూట మరీ మసకట. సైకిలు ఆపెయ్యమన్నారట.

"మరి ఆపరేం?"

"ఆపితే నేనేంటి?" అన్నాడాయన. "ఈ తొట్టి పక్కన ఇంకో తొట్టిని. దారి నా కాళ్ళకు తెలుసు. ఎవరితోనూ అనకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఛీ, అవేం మాటలు!" అంది. కాదంటే మనిషి దక్కడని భయం, అవునంటే ఏ ఘోరం జరుగుతుందోనని భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఆవిడ పట్టుకున్న దారి మూడోది. ప్రతి శనివారం సాయంత్రం ఎండ తగ్గగానే ఒక్కతే సైకిలెక్కి దారంతా చుట్టి వచ్చేది. ఎక్కడ కొత్త గుంత పడింది, ఎక్కడ కొమ్మ విరిగింది, వంతెన మీద ఏ చెక్క లేచింది, అన్నీ చూసుకొచ్చి అన్నం పెడుతూ చెప్పేది. ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. పొద్దున్నే అదే వరసలో కేకలు వేసేవాడు. ఆవిడ చూపే పదిమంది గొంతుల్లోంచి తిరిగి ఆవిడ చెవికి చేరేది. ఆవిడ గంట కొట్టేది. కొట్టిన ప్రతిసారీ ఈ వారానికి గట్టెక్కామనుకునేది.

గట్టెక్కని వారం రానే వచ్చింది. ఆవిడ చూసి వచ్చాక, చీకటి పడ్డాక, చెరువు మలుపులో ఏ ట్రాక్టరు నుంచో కంకర ఒలికిపోయింది. పొద్దున ఆయన "దారి సాఫు!" అని కేక పెట్టి, తాను ఎలాగో జారి నిలదొక్కుకున్నాడు. వెనకనున్న టైలరమ్మ నిలదొక్కుకోలేకపోయింది. భుజం ఎముక విరిగి, నేల మీద పడి మెలికలు తిరుగుతూ కూడా "మీకేం కాలేదు కదా అన్నా?" అని అడిగింది. ఆ ఒక్క మాట ఆయన్ని పూర్తిగా కూల్చేసింది.

"కంకర కళ్ళెదురుగా ఉంది కదన్నయ్యా!" అన్నాడు బ్యాంకాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన రోడ్డు మీద కూర్చున్నాడు. చేత్తో తడిమి ఒక కంకర రాయి తీసుకుని, ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఇక ఎవరికీ ఏమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

తర్వాత ఆయన దుకాణంలోంచి బయటకు రావడం మానేశాడు. అన్నం పళ్ళెం ముట్టకుండానే వెనక్కి పోయేది. టైలరమ్మ కట్టుతోనే వచ్చి పలకరించినా తల ఎత్తలేదు. ఒక శనివారం సాయంత్రం మాత్రం తనంతట తనే నోరు విప్పాడు. "రేపు ముందు నువ్వుండు. నేను తోకకొస్తా."

"వద్దండీ."

"చివరనుంటే నా వెనక పడేవాళ్ళెవరూ ఉండరే. ముందువాళ్ళ చక్రాల చప్పుడు పట్టుకుని వస్తా. ఒక్కసారి."

డాక్టరు చెప్పినవన్నీ ఆవిడకు గుర్తున్నాయి. కానీ ఎన్నాళ్ళ తర్వాతో ఆ గొంతులో ఆశ వినిపించింది. నీళ్ళలో మునిగేవాడికి గడ్డిపోచ అందిస్తున్నానని తెలిసి కూడా ఒప్పుకుంది. తన హ్యాండిల్‌కున్న గంట ఊడదీసి తన చేత్తోనే ఆయన సైకిలుకు బిగించింది.

పొద్దున ఆవిడ ముందు బయల్దేరింది. పార్కు గోడ దగ్గర "కొమ్మ!" అంది. మాట వెనక్కి ప్రయాణించింది. బ్యాంకాయన గొంతులోంచి చివరికి చేరింది. గంట మోగింది. పాలకేంద్రం దాటాక "గేదెలు!" అంది. గంట మోగింది. చేల మధ్యకు వచ్చేసరికి ఆవిడకు ధైర్యం వచ్చింది. ఇలాగే బతికేయొచ్చు అనిపించింది. ఇన్నేళ్ళూ తన గంట ఆయనకు ఎలా వినిపించేదో మొదటిసారి తెలిసింది.

మూడుదారులు వచ్చాయి.

"కుడికి!" అని కేక వేసి తిరిగింది. "కుడికి! కుడికి!" అని మాట వెనక్కి పోయింది. గట్టు ఎక్కే చోట పెడలు మీద బరువు పెట్టబోయి ఆగింది. గంట మోగలేదు.

మళ్ళీ అరిచింది. మళ్ళీ మాట వెళ్ళింది. ఏమీ రాలేదు.

ఆవిడ బండి అడ్డంగా తిప్పి వరసకు ఎదురొచ్చింది. చివర బ్యాంకాయన. "ఆయనేరీ?"

"వెనకే ఉన్నారొదినా, ఇప్పుడే కదా..." అంటూ తల తిప్పాడు. వెనక రోడ్డు ఖాళీ.

మూడుదారుల దగ్గరికి వచ్చేసరికి వాలు మీద ఎవరూ లేరు. చెట్ల పందిరి కింద మంచుకు తడిసిన దుమ్ము. దాని మీద ఒకే ఒక్క టైరు గీత, రోడ్డుకు సరిగ్గా నడుమ, కిందికంటా పోయింది. ఎక్కడా వంకర పోలేదు. ఎక్కడా బ్రేకు వేసిన జాడ లేదు. చివర, కంటికి ఆనని చోట, లారీల హోరు.

ఆవిడ గంట కోసం హ్యాండిల్ మీద చెయ్యి పెట్టింది. అక్కడ గంట లేదు. అది ఆయన దగ్గరుంది. వెళ్తున్నానని ఆయన దాన్ని ఒక్కసారైనా కొట్టలేదు.