ఇంటోళ్ల సీటు

మా మేడ మీది గదిలో అద్దెకున్న సోమాలీ అబ్బాయి పెదనాన్నకు ఒక విమానం ఉంది. ఒక్కటే. రెక్కకొక ఫ్యాను తిరిగే పాత విమానం, యాభైకి కాస్త తక్కువ సీట్లు. ఆ ఒక్కదాని మీద ఒక కంపెనీ నడుస్తోంది. సోమాలియా రాజధాని మొగదిషులో దానికి ఆఫీసు ఉందట. కానీ ఆఫీసు పనిలో సగం ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డుకు రెండు సందుల లోపల, మా మెట్ల మీద జరిగేది. చెబితే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. శంషాబాద్‌లో దిగే విమానాలను మేడ మీంచి చూడడమే తప్ప, నేను ఎన్నడూ ఒకటి ఎక్కిన దాన్ని కాదు.

పని ఇదీ. విమానం మొగదిషు నుంచి ఉత్తరాన ఉన్న గాల్కాయోకు పోయి, మళ్లీ మొగదిషుకు వస్తుంది. టికెట్టు కావలసిన వాళ్లు వాట్సాప్‌లో అడుగుతారు. అబ్బాయి పేర్లు రాసుకుంటాడు. అక్కడొకతను మనుషులనూ మూటలనూ కాటా మీద పెట్టి బరువులు పంపుతాడు. అవన్నీ కూడి పైలట్‌కు పంపాలి. ఆఖరి లెక్కా, సంతకమూ పైలట్‌వే. మాది మొదటి కూడిక.

ఒకరోజు పొద్దున నేను మెట్ల మీద గోంగూర తెంపుతున్నాను. అబ్బాయి పక్కనే కూర్చుని ఫోనులో కూడుతూ, తప్పుతూ, మళ్లీ కూడుతున్నాడు. ఆ రోజు కాలేజీలో పరీక్ష. అతను పైకే చదువుతున్న అంకెలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. మొత్తం ఎంతో చెప్పాను. ఫోనులో చూసుకున్నాడు.

“ఆంటీ, నువ్వు మనిషివా, మిషినా?”

“ఇంకోసారి ఆంటీ అన్నవంటే మోటర్ బంద్ జేస్త. స్నానానికి నీళ్లుండయ్. అక్క అను.”

“అవ్ అక్క. మోటర్ మీద ఒట్టు.”

కాలేజీ దోస్తుల దగ్గర నేర్చుకున్న తెలుగు అతనిది. పెదనాన్నను మా వైపు పెద్దబాపు అంటారని నేనే నేర్పాను. అప్పటి నుంచి అతని పరీక్షలప్పుడు కూడిక నాది. తర్వాత పరీక్షలు లేనప్పుడు కూడా నాదే.

చేయగా చేయగా నాకు ఒక సంగతి తెలిసింది. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, విమానం మోసే బరువు తగ్గుతుంది. గాల్కాయోలో విమానం లేచేది మధ్యాహ్నం. బాగా ఎండ కాసిన రోజు ముగ్గురినో నలుగురినో దింపాలి. ఎవరిని దింపాలో పెద్దబాపు ముందే చెప్పి పెట్టాడు. జాబితా చివర ఎప్పుడూ తన వాళ్ల పేర్లే ఉండాలి. చెల్లెళ్లు, మేనల్లుళ్లు, తమ్ముడి పెళ్లాం. సీటు మిగిలితే వాళ్లు, లేకుంటే లేదు.

నాకది కొత్తగా అనిపించలేదు. మా బావగారికి బోర్లు వేసే లారీ ఉండేది. మంచాల మండలంలో అది పోని ఊరు లేదు. ఎన్ని అడుగులు, ఎన్ని కేసింగ్ పైపులు, ఎంత డీజిలు, అన్నీ నేనే రాసేదాన్ని. పదో తరగతి దాటని నాకు లెక్క వచ్చింది అక్కడే. మంచాల దగ్గర మాకు బత్తాయి తోట ఉండేది. బోరు ఎండిపోతే మా ఆయన పోయి అన్నను అడిగాడు. వచ్చే వారం అన్నాడు. ఆ వారం బయటి గిరాకీ తగిలింది. మళ్లీ పోతే, నా ముందే అన్నాడు: “ఇంటోళ్లే గదా, ఆగుతరు తియ్.”

ఆగాం. కాయ రాలింది. ఆకు రాలింది. చెట్లు కొట్టించి పొయ్యిల కట్టెగా అమ్మాం. చివరికి నేల ప్లాట్ల వెంచర్ కిందికి పోయింది. ఆ వెంచర్‌లో మొదటి బోరు వేసింది మా బావగారి లారీయే. రెండు వందల ఎనభై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ఆ అడుగులు రాసింది కూడా నేనే.

ఇక అబ్బాయి తల్లి సంగతి. భర్త పోయాక గాల్కాయోలో మరిది పిల్లలను, తన పిల్లలను కలిపి సాకుతోంది. ఒకరోజు ఆమె ఎడమ కంటికి పరదా దిగినట్టు సగం చీకటైందట. కంటి వెనక పొర ఊడుతోందని, వారం పది రోజుల్లో ఆపరేషన్ కావాలని అక్కడి డాక్టర్ చెప్పాడు. అబ్బాయి హైదరాబాద్‌లో పెద్ద కంటి దవాఖానలో మాట్లాడాడు. మొగదిషు నుంచి హైదరాబాద్‌కు టికెట్టు కొన్నాడు. ఆమె గాల్కాయో నుంచి మొగదిషుకు రావడమొకటే మిగిలింది. ఆ ముక్కకు ఇంటి విమానమే ఉంది.

“ఇంట్ల విమానం ఉన్నోనికి ఫికరెందుకు అక్క?” అన్నాడు నవ్వుతూ.

మొదటి రోజు ఎండ. ముగ్గురు దిగాలి. జాబితా చివరి నుంచి మూడో పేరు ఆమెది. రెండో రోజు ఎవరో వ్యాపారి తన మనుషులను వెంటేసుకుని వచ్చాడు, సీట్లు నిండాయి. నేను పేర్లన్నీ చూసి అబ్బాయితో అన్నాను:

“వ్యాపారి మనుషుల్ల ఒక్కడు రేపు పోతే ఏమైతది? మీ పెద్దబాపుకు ఫోన్ జెయ్. కన్ను సంగతి చెప్పు.”

నా ముందే ఫోన్ చేశాడు. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. గొంతు మొదట గట్టిగానే ఉంది, చివరికి సన్నగైంది. ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూలబడ్డాడు.

“ఏమన్నడు బిడ్డా?”

“బయటోని దింపితె మల్ల రాడు అంటుండు. అమ్మ మనింటామెనే గదా, ఆగుతది అంటుండు.”

ఆ మాట సోమాలియా దాకా ఎట్లా పోయిందో నాకు అర్థం కాలేదు.

మూడో రోజు విమానం చక్రం పాడైంది. మరమ్మతు సామాను రావడానికి చాలా రోజులు పట్టింది. ఆమె లారీలో, తర్వాత జీపులో, తుపాకులు పట్టుకున్న వాళ్లు ఆపిన ప్రతిచోటా దిగి నిలబడుతూ మొగదిషు చేరింది. అప్పటికి హైదరాబాద్ విమానం వెళ్లిపోయింది. మళ్లీ టికెట్టు, మళ్లీ వీసా కాగితాలు. ఆమె మా గడప తొక్కేసరికి నెల దాటింది.

దవాఖానకు నేనూ వెంట పోయాను. డాక్టరమ్మ ఎడమ కంట్లో దీపం వేసి చాలాసేపు చూసింది. ఈ కంటికి చూపు ఇక రాదంది. కుడి కంటికి అదే జబ్బు రాకుండా లేజర్ చేసింది. “జర ముందు రావాల్సింది గదమ్మా” అంది. అబ్బాయి ఆ మాట తల్లికి చెప్పలేదు.

మా ఇంట్లో ఆమె పన్నెండు రోజులుంది. ఒక సాయంత్రం జొన్నరొట్టెలు కొడుతుంటే పక్కన వచ్చి కూర్చుంది. నేను అబ్బాయిని పిలిచి, మీ పెద్దబాపు మీద కోపం లేదా అని అడగమన్నాను. అతనికి అడగడం ఇష్టం లేదు. అయినా అడిగాడు. ఆమె పిండి అంటిన నా చేతిని చూస్తూ నాలుగు మాటలు చెప్పింది.

“కోపం ఎవరి మీద జేస్తం, ఇంటాయననే గదా అంటుంది.”

లోపలి గదిలో మా ఆయన టీవీ గొంతు తగ్గించాడు. విన్నాడని తెలిసింది. అన్నను గురించి ఆయన ఇన్నేళ్లూ నాతో చెప్పింది సరిగ్గా అదే మాట. రొట్టె మాడింది.

ఆమె తిరుగు ప్రయాణం మొగదిషు దాకా సాఫీగా సాగింది. అక్కడి నుంచి గాల్కాయోకు ఇంటి విమానమే. చక్రం బాగైంది. ఆ రోజు అబ్బాయికి ప్రాక్టికల్స్, కూడిక నాది. ఉత్తరానికి పోయేటప్పుడు ఆ విమానంలో ఆకు బస్తాలు ఎక్కుతాయి. మన దగ్గర తమలపాకు నమిలినట్టు అక్కడి మగవాళ్లు నమిలే ఆకు. ఒక్కరోజు ఆలస్యమైతే పారేయాల్సిందే, అందుకని దానికి అన్నిటికన్నా ముందు చోటు. ఆ రోజు ఒక మనిషంత బరువు మించింది. బస్తా ఇరవై ఆరు కిలోలు. ఆమె యాభై రెండు. రెండు బస్తాలు దింపితే చాలు.

నాకు వచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్లో పెద్దబాపుకు అదే రాసి పంపాను. వెంటనే జవాబొచ్చింది. లెక్క ఎప్పుడూ తప్పని అక్కకు సలాం అన్నాడు. బస్తాల సంగతి రాయలేదు. కింద ఆమె పేరు కొట్టేసిన జాబితా పెట్టాడు.

ఆ జాబితాకే కూడిక వేశాను. ఒకటికి రెండుసార్లు సరిచూసి పైలట్‌కు పంపాను. పైలట్ సరే అన్నాడు. తప్పేమీ లేదు. విమానం వేళకు లేచింది.